వర్చువల్ రౌటర్ రన్నింగ్‌లోనే ఉంది, వీఎంలకి మాత్రం నెట్ లేదు: ఎక్కడ తెగిందో ఎలా పట్టుకోవాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు కాలేజీ ల్యాబుల్లోనూ చిన్న ఆఫీసుల్లోనూ రెండు మూడు సర్వర్లతో సొంత క్లౌడ్ పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ క్లౌడ్‌లో వీఎంలు, అంటే సర్వర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్లు, వర్చువల్ రౌటర్ ద్వారా బయటికి వెళ్తాయి. ఆ రౌటర్ కూడా ఒక వీఎమే. వాళ్లు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, రౌటర్ రన్నింగ్ అని పచ్చగా చూపిస్తోంది. వీఎంలకి నెట్ రావట్లేదు. డిస్ట్రాయ్ చేసి మళ్లీ పెట్టెయ్యమంటారా?"

వద్దు. ముందు ఆ చెయ్యి వెనక్కి తీసుకోండి. రౌటర్‌ని చెరిపేస్తే దాని లాగులు, రూట్లు, ఏఆర్‌పీ పట్టిక (ఏ ఐపీకి ఏ నెట్‌వర్క్ కార్డు చిరునామా, మ్యాక్, ఉందో చెప్పే జాబితా), అంటే ఎక్కడ తెగిందో చెప్పే సాక్ష్యమంతా దాంతోపాటే పోతుంది. తప్పు స్విచ్‌లో ఉంటే కొత్తగా పుట్టిన రౌటర్‌కీ అదే గతి పడుతుంది. ఈలోగా బాగున్న వీఎంలకి కూడా కాసేపు నెట్ పోతుంది. కాబట్టి రౌటర్ ఏ కాలు (ఇంటర్‌ఫేసు) విరిగిందో తేల్చుకున్నాకే మందు వెయ్యాలి.

ఇక్కడ రాసేది అపాచీ క్లౌడ్‌స్టాక్ (క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్), కేవీఎం హోస్టులు (లినక్స్ మీద వీఎంలు నడిపే సర్వర్లు), అడ్వాన్స్‌డ్ జోన్ (నెట్‌వర్క్‌లని వీల్యాన్‌లతో విడదీసే అమరిక), ఐసోలేటెడ్ నెట్‌వర్క్ (సొంత రౌటర్ ఉన్న విడి నెట్‌వర్క్) వాడేవాళ్ల కోసం. మన వైపు ఎక్కువ మంది పెట్టుకున్నది అదే. వీఎంవేర్, వీపీసీ (ఒకే రౌటర్ కింద టియర్లు అనే పలు నెట్‌వర్క్‌లు), షేర్డ్ నెట్‌వర్క్ (అందరూ పంచుకునేది) వాడేవాళ్లకి తేడా ఉన్న చోట చెబుతాను. కమాండ్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను, టైపు చేసేటప్పుడు మామూలుగానే ఇంగ్లిషులో కొట్టండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

క్లౌడ్‌స్టాక్ రూట్ అడ్మిన్ లాగిన్. హోస్టులన్నిటికీ రూట్ లాగిన్. స్విచ్ లాగిన్, లేదా అది తెలిసిన మనిషి ఫోన్‌లో అందుబాటులో ఉండటం. గెస్ట్ వీల్యాన్ల (ఒకే తీగ మీద నంబర్లతో విడదీసిన నెట్‌వర్క్‌ల) రేంజి, పబ్లిక్ ఐపీల రేంజి, గేట్‌వే రాసిన కాగితం. అదే నెట్‌వర్క్‌లో ఒక చిన్న లినక్స్ వీఎం. దాంట్లోకి కన్సోల్ నుంచి వెళ్లాలి, ఎందుకంటే నెట్ లేనప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ పనిచెయ్యదు. ఆ వీఎంకి పాస్‌వర్డ్ లాగిన్ ఉండేలా ముందే చూసుకోండి.

హోస్టుల మీద టీసీపీడంప్ (ప్యాకెట్లు వినే కమాండ్), ఏఆర్‌పింగ్ (ఒక ఐపీ ఏ మ్యాక్‌దో అడిగే కమాండ్) ముందుగానే ఇన్‌స్టాల్ చేసి ఉంచండి. లింకు తెగిన రోజున వాటిని దింపుకోవడానికి మీకు నెట్ ఉండదు.

రౌటర్ కాళ్లు మూడు

ఐసోలేటెడ్ నెట్‌వర్క్ రౌటర్‌కి మూడు ఇంటర్‌ఫేసులుంటాయి. ఈత్0 వీఎంల వైపు, అది గెస్ట్ కాలు. ఈత్1 హోస్టు రౌటర్‌తో మాట్లాడే కంట్రోల్ కాలు, దాని ఐపీ 169.254 తో మొదలవుతుంది. ఈత్2 బయటి వైపు, అది పబ్లిక్ కాలు. వీపీసీ రౌటర్‌లో వరుస మారుతుంది: ముందు కంట్రోల్, తర్వాత పబ్లిక్, ఆ తర్వాత ఒక్కో టియర్. అందుకే పేరు చూసి కాదు, ఐపీ చూసి గుర్తుపట్టండి.

షేర్డ్ నెట్‌వర్క్‌లో రౌటర్ డీహెచ్‌సీపీ (ఐపీ ఇవ్వడం), డీఎన్‌ఎస్ (పేరుని ఐపీగా మార్చడం), పాస్‌వర్డ్, యూజర్‌డేటా (వీఎం లేచేటప్పుడు ఇచ్చే సెట్టింగులు) పనులే చూస్తుంది. గేట్‌వే మీ అసలు ఫిజికల్ రౌటరే. అక్కడ ఐపీ వచ్చి కూడా నెట్ రాకపోతే వర్చువల్ రౌటర్‌ని అనుమానించక్కర్లేదు.

1. "నెట్ లేదు" అంటే ఏది లేదో తేల్చండి

టెస్ట్ వీఎం కన్సోల్ తెరిచి నాలుగు విషయాలు వరసగా చూడండి, జవాబులు కాగితం మీద రాసుకోండి. ఐపీ వచ్చిందా? గేట్‌వేకి, మీరు మార్చకపోతే అది 10.1.1.1, పింగ్ వెళ్తోందా? బయట ఏదైనా ఐపీకి, 8.8.8.8 లాంటిదానికి, చేరుతోందా? పేరు ఇస్తే ఐపీగా మారుతోందా?

ఐపీయే రాలేదంటే 6, 8 అంకెలు చూడండి. ఐపీ ఉంది, గేట్‌వే అందట్లేదంటే గెస్ట్ కాలు, అంటే 6. గేట్‌వే అందుతోంది, బయట ఐపీ అందట్లేదంటే 2, ఆ తర్వాత 7. బయట ఐపీ అందుతోంది, పేర్లు తెరుచుకోవట్లేదంటే 8. అన్నీ బాగున్నాయి, కానీ పెద్ద పేజీలు, డౌన్‌లోడ్లు మధ్యలో నిలిచిపోతున్నాయంటే నేరుగా 9.

విండోస్ వీఎంలో 169.254 తో మొదలయ్యే ఐపీ కనిపిస్తే అది రౌటర్ ఇచ్చింది కాదు. డీహెచ్‌సీపీ జవాబు రాక విండోస్ తనకు తానే పెట్టుకున్నది. రౌటర్ కంట్రోల్ కాలుకి అదే రేంజి ఐపీ ఉండటం మామూలే. ఈ రెండూ కలిపేసుకుని "ఐపీ వచ్చింది కదా" అనుకునేవాళ్లు చాలామంది.

2. అసలు చెడిందా, లేక ఎగ్రెస్ (బయటికి వెళ్లనిచ్చే) రూలు లేదా?

కొత్తగా చేసిన నెట్‌వర్క్ అయితే ముందు ఇదే చూడండి. ఐసోలేటెడ్ నెట్‌వర్క్‌ల మామూలు ఆఫరింగ్‌లో (నెట్‌వర్క్ చేసేటప్పుడు ఎంచుకునే రకంలో) బయటికి వెళ్లే ట్రాఫిక్ మొదటి నుంచీ మూసే ఉంటుంది. నెట్‌వర్క్ తెరిచి ఎగ్రెస్ రూల్స్‌లో మీ గెస్ట్ రేంజి, ఉదాహరణకి 10.1.1.0/24, పెట్టి కావాల్సిన ప్రోటోకాల్ తెరవాలి.

దీన్ని గుర్తుపట్టే గుర్తు ఒకటుంది. వీఎంలో పేర్లు చక్కగా ఐపీలుగా మారుతుంటాయి, కానీ ఒక్క పేజీ తెరుచుకోదు. ఎందుకంటే పేరు ప్రశ్న రౌటర్ దగ్గరే ఆగి, రౌటర్ తన తరఫున బయట అడిగి జవాబు తెస్తుంది. దానికి ఎగ్రెస్ రూలు అడ్డం రాదు. ఈ గుర్తు కనిపిస్తే రౌటర్ పబ్లిక్ కాలు బాగున్నట్టే, సగం పని అయిపోయింది.

టీసీపీ ఒక్కటే తెరిచి పింగ్‌తో పరీక్షించకండి. పింగ్‌కి ఐసీఎంపీ వేరేగా తెరవాలి. కర్ల్ కమాండ్‌తో ఏదైనా హెచ్‌టీటీపీఎస్ చిరునామా కొట్టి చూడండి. వీపీసీ అయితే ఎగ్రెస్ రూల్స్ ఉండవు, టియర్‌కి తగిలించిన ఏసీఎల్ (అనుమతుల జాబితా) చూడాలి. సొంతంగా చేసుకున్న ఏసీఎల్‌లో బయటికి వెళ్లేదానికి ఒక్క రూలు రాయగానే, రాయనివన్నీ మూసుకుపోతాయి. "నిన్నటిదాకా వచ్చింది, పొద్దున 443 తెరిచాం, మిగతావి పోయాయి" అంటే కారణం అదే.

బయటి నుంచి లోపలికి రావట్లేదా? పోర్ట్ ఫార్వర్డింగ్ ఒక్కటీ చాలదు. అదే పబ్లిక్ ఐపీ మీద ఫైర్‌వాల్ రూలు కూడా ఉండాలి.

3. స్క్రీన్ మీద రౌటర్ ఏం చెబుతోందో చదవండి

ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌లో వర్చువల్ రౌటర్స్ తెరవండి. మీ నెట్‌వర్క్ రౌటర్ ఏ హోస్టు మీద ఉంది, దాని కంట్రోల్ ఐపీ, గెస్ట్ ఐపీ, పబ్లిక్ ఐపీ ఏమిటి అన్నవి రాసుకోండి. రన్నింగ్ అంటే హోస్టు మీద ఆ వీఎం ప్రాసెస్ బతికి ఉందని మాత్రమే. దాని మూడు కాళ్లూ కదులుతున్నాయని కాదు.

4.14 వెర్షన్ నుంచి రౌటర్‌కి హెల్త్ చెక్స్ వచ్చాయి. ఆ ట్యాబ్‌లో ఏది ఫెయిల్ అయిందో చూడండి. డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్, గేట్‌వే, డిస్కు ఖాళీ వంటివి విడివిడిగా కనిపిస్తాయి. "అప్‌గ్రేడ్ అవసరం" అని ఉంటే, క్లౌడ్‌స్టాక్ వెర్షన్ మార్చి రౌటర్‌ని పాత టెంప్లేట్ మీదే వదిలేశారన్నమాట. అలాంటి రౌటర్ ఉన్న పని చేస్తూ ఉంటుంది గానీ కొత్త రూల్స్ దానికి ఎక్కవు.

హోస్టే డిస్‌కనెక్టెడ్ లేదా అలర్ట్ అని ఉంటే ఇక్కడే ఆగి ముందు హోస్టు సంగతి చూడండి. స్టార్టింగ్ అని గంటల తరబడి ఉండిపోతే హోస్టు మీద ఏజెంట్ లాగు, మేనేజ్‌మెంట్ సర్వర్ లాగు తెరవండి. రెండూ వార్ కింద లాగ్‌లో క్లౌడ్‌స్టాక్ ఫోల్డర్‌లో ఉంటాయి. రౌటర్ పేరుతో గ్రెప్ చెయ్యండి, అంటే ఆ పేరున్న లైన్లు వెతకండి.

4. రౌటర్ లోపలికి వెళ్లండి

రౌటర్ ఏ హోస్టు మీద ఉందో ఆ హోస్టు నుంచే వెళ్లాలి. 169.254 ఐపీలు ఆ హోస్టు దాటి బయటికి రావు. మేనేజ్‌మెంట్ సర్వర్ నుంచి, పక్క హోస్టు నుంచి ప్రయత్నించి "కీ తప్పేమో" అని తల పట్టుకోకండి. వీఎంవేర్ అయితే వేరు: అక్కడ మేనేజ్‌మెంట్ సర్వర్ నుంచి, మేనేజ్‌మెంట్ రేంజి ఐపీకే వెళ్లాలి.

ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు 22 కాదు, 3922. యూజర్ రూట్. కీ ఫైలు హోస్టు మీద రూట్ హోమ్‌లో, డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో, ఐడీ ఆర్‌ఎస్‌ఏ డాట్ క్లౌడ్ అనే పేరుతో ఉంటుంది.

వెళ్లలేకపోతే హోస్టు మీద క్లౌడ్0 అనే బ్రిడ్జిని (హోస్టు లోపలి సాఫ్ట్‌వేర్ స్విచ్‌ని) చూడండి. దానికి 169.254.0.1/16 ఐపీ ఉండాలి. హోస్టు నెట్‌వర్క్ సర్వీసు రీస్టార్ట్ చేసినప్పుడు ఈ ఐపీ ఊడిపోవచ్చు. ఊడితే క్లౌడ్‌స్టాక్ ఏజెంట్ సర్వీసుని రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. ఏజెంట్‌ని రీస్టార్ట్ చేస్తే నడుస్తున్న వీఎంలు ఆగవు, భయం అక్కర్లేదు. అయినా కుదరకపోతే విర్ష్ (హోస్టు మీద వీఎంలని నడిపే కమాండ్) కన్సోల్‌తో నేరుగా రౌటర్ స్క్రీన్‌కే వెళ్లండి. అక్కడ డిస్కు మౌంటు తప్పులు, రీడ్ ఓన్లీ అన్న మాటలు కనిపిస్తే రోగం నెట్‌వర్క్‌ది కాదు, ప్రైమరీ స్టోరేజ్‌ది.

5. లోపల చూడాల్సినవి

ఐపీ అడ్రస్ కమాండ్ కొట్టండి. మూడు కాళ్లకీ ఐపీలు ఉన్నాయా, మీరు స్క్రీన్ నుంచి రాసుకున్నవేనా? ఐపీ రూట్ కొట్టండి. డిఫాల్ట్ దారి పబ్లిక్ గేట్‌వే వైపు ఉందా? డీఎఫ్‌తో డిస్కు చూడండి. లాగులతో నిండిపోయిన రౌటర్ కొత్త రూల్స్ రాసుకోలేదు. వార్ కింద లాగ్‌లో క్లౌడ్ డాట్ లాగ్ చివరి వంద లైన్లు చదవండి, వాటిని కాపీ చేసి హోస్టు మీద దాచుకోండి.

తర్వాత మూడు పింగులు: పబ్లిక్ గేట్‌వేకి, 8.8.8.8 కి, టెస్ట్ వీఎంకి. మూడోది ఫెయిలైతే కంగారుపడకండి. విండోస్ మామూలుగా పింగ్‌కి జవాబివ్వదు. ఐపీ నెయిబర్ కమాండ్ కొట్టి ఆ వీఎం ఐపీ ఎదురుగా మ్యాక్ అడ్రస్ ఉందో లేదో చూడండి. మ్యాక్ ఉండి రీచబుల్ లేదా స్టేల్ అని ఉంటే కింద దారి బాగుంది, వీఎం ఫైర్‌వాల్ ఆపుతోంది. ఇన్‌కంప్లీట్, ఫెయిల్డ్ అని ఉంటే మధ్యలో దారి తెగింది.

ఐపీటేబుల్స్‌ని (రౌటర్ ఫైర్‌వాల్ రూల్స్‌ని) ఇక్కడ చేత్తో మార్చకండి. రీస్టార్ట్‌తో అది పోతుంది, అప్పటిదాకా స్క్రీన్ మీద లేని రూలు ఒకటి నడుస్తూ తర్వాత చూసే మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. పరీక్ష కోసమైనా సరే, మార్పు స్క్రీన్ నుంచే చెయ్యండి.

6. గెస్ట్ కాలు తెగితే

మన వైపు ఎక్కువ సార్లు బయటపడేది ఇక్కడే. కారణం కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పిడుగుల వాన పడి కరెంటు పోతుంది. యూపీఎస్ బ్యాటరీ సర్వర్ల వరకే లాగుతుంది, స్విచ్ ముందే ఆరిపోతుంది. కరెంటు వచ్చాక స్విచ్ పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. ఎప్పుడో ట్రంక్ పోర్టుకి (చాలా వీల్యాన్‌లు కలిసి వెళ్లే పోర్టుకి) కొత్త వీల్యాన్‌లు కలిపి, సేవ్ చెయ్యకుండా వదిలేసి ఉంటారు. నెలల తరబడి బాగానే నడిచి, ఆ ఒక్క రాత్రితో కొన్ని నెట్‌వర్క్‌లు మాత్రం పోతాయి. అన్నీ పోకుండా కొన్నే పోయాయంటే ముందు ఇదే అనుకోండి.

తేల్చే పరీక్ష ఇలా. రౌటర్ ఉన్న హోస్టు మీదికే టెస్ట్ వీఎంని మైగ్రేట్ చెయ్యండి. లోకల్ స్టోరేజ్ వల్ల మైగ్రేషన్ కుదరకపోతే, అడ్మిన్‌గా ఆ హోస్టుని ఎంచుకుని కొత్త చిన్న వీఎం లేపండి. ఒకే హోస్టు మీద ఉన్నప్పుడు గేట్‌వే అందుతోంది, వేరే హోస్టు మీద ఉంటే అందట్లేదు అంటే హోస్టుల మధ్య దారే తెగింది. స్విచ్ ట్రంకే, లేదా ఆ కేబులే. ఒకే హోస్టు మీద కూడా అందకపోతే తప్పు ఆ హోస్టు లోపలే ఉంది.

హోస్టు లోపల చూడాలంటే విర్ష్ డొమ్‌ఐఎఫ్‌లిస్ట్ అని కొట్టి రౌటర్ పేరు ఇవ్వండి. రౌటర్ పేర్లు ఆర్ హైఫన్ నంబరు హైఫన్ వీఎం అన్న పద్ధతిలో ఉంటాయి. ప్రతి కాలూ ఏ బ్రిడ్జికి తగిలిందో వస్తుంది. వీల్యాన్ 512 అయితే బ్రిడ్జి పేరులో బీఆర్, నెట్‌వర్క్ కార్డు పేరు, హైఫన్ 512 ఉండాలి. టెస్ట్ వీఎంకీ అదే కమాండ్ కొట్టండి. రెండిటికీ బ్రిడ్జి ఒకటే కావాలి. బ్రిడ్జి లింక్ కమాండ్‌తో ఆ బ్రిడ్జిలో ఫిజికల్ కార్డు వీల్యాన్ ఇంటర్‌ఫేస్ కూడా ఉందా చూడండి. అది లేకపోతే బ్రిడ్జి ఒంటరి ద్వీపం, హోస్టు దాటి ఏదీ వెళ్లదు.

స్విచ్ అనుమానం ఉంటే టీసీపీడంప్ వాడండి. టెస్ట్ వీఎం నుంచి గేట్‌వేకి పింగ్ ఆపకుండా నడుస్తూ ఉండాలి. ముందు వీఎం ఉన్న హోస్టు ఫిజికల్ కార్డు మీద, వీల్యాన్ 512, ఏఆర్‌పీ అని ఫిల్టర్ పెట్టి వినండి. తర్వాత రౌటర్ ఉన్న హోస్టు ఫిజికల్ కార్డు మీద అదే ఫిల్టర్. చివరికి రౌటర్ లోపల ఈత్0 మీద ఏఆర్‌పీ. "10.1.1.1 ఎవరిది?" అన్న ప్రశ్న ఎక్కడిదాకా కనిపించి ఎక్కడ మాయమైందో ఆ రెండు చోట్ల మధ్యే తప్పు. మొదటి హోస్టు నుంచి బయల్దేరి రెండో హోస్టుకి రాకపోతే ఇక వాదన లేదు, స్విచ్ దగ్గరికే వెళ్లాలి. ఆ పోర్టు ట్రంక్‌గా ఉందా, 512 అనుమతుల్లో ఉందా చూసి, సరిచేసి, సేవ్ చెయ్యండి. సిస్కో పద్ధతి స్విచ్‌లో రైట్ మెమరీ. సేవ్ చెయ్యకపోతే వచ్చే గాలివానకి మళ్లీ ఇదే పని.

పోర్టు చెడిందని ఎవరో సర్వర్‌కీ స్విచ్‌కీ మధ్య బజారులో కొన్న ఎనిమిది పోర్టుల అన్‌మేనేజ్డ్ స్విచ్ పెట్టారా అన్నది కూడా కళ్లతో చూడండి. వాటిలో కొన్ని వీల్యాన్ ట్యాగ్ ఉన్న ఫ్రేములను దాటిస్తాయి, కొన్ని పారేస్తాయి. క్లౌడ్ దారిలో వాటిని పెట్టకండి. విశాఖ నుంచి అసలు స్విచ్ వచ్చేలోగా తప్పదనుకుంటే, అన్ని వీఎంలనీ రౌటర్‌నీ ఒకే హోస్టు మీదికి చేర్చి నడిపించుకోవడం మేలు.

7. పబ్లిక్ కాలు తెగితే

రౌటర్ నుంచి పబ్లిక్ గేట్‌వేకి పింగ్ పోవట్లేదు. ముందు ఐపీ నెయిబర్‌లో గేట్‌వే మ్యాక్ ఉందా చూడండి. లేకపోతే 6 లో చెప్పిన పరీక్షే, ఈసారి పబ్లిక్ వీల్యాన్ మీద.

మ్యాక్ ఉంది, బయటికి ప్యాకెట్లు వెళ్తున్నాయి, జవాబులు రావట్లేదంటే రెండు అనుమానాలు. ఒకటి, పైనున్న గేట్‌వే లేదా ఫైర్‌వాల్ పాత మ్యాక్‌నే పట్టుకుని కూర్చుంది. రౌటర్‌ని ఈమధ్యే కొత్తగా చేసి ఉంటే ఇది జరుగుతుంది. గేట్‌వే మీద ఆ ఐపీ ఏఆర్‌పీ ఎంట్రీ తీసెయ్యండి.

రెండు, ఆ ఐపీని ఇంకెవరో వాడుతున్నారు. చిన్న ఆఫీసుల్లో, ల్యాబుల్లో క్లౌడ్‌స్టాక్ "పబ్లిక్" రేంజిగా ఇచ్చేది చాలాసార్లు ఆఫీసు ల్యానే, 192.168 ఏదో ఒకటి. అదే రేంజిలో వైఫై రౌటర్ డీహెచ్‌సీపీ ఇస్తూ ఉంటుంది, సీసీ కెమెరా డీవీఆర్‌కి ఎవరో చేత్తో ఐపీ పెట్టేసి ఉంటారు. దీని లక్షణం: నెట్ పూర్తిగా పోదు, వస్తూ పోతూ ఉంటుంది. హోస్టు నుంచి పబ్లిక్ బ్రిడ్జి మీద ఆ ఐపీకి ఏఆర్‌పింగ్ కొట్టండి. రెండు వేర్వేరు మ్యాక్‌ల నుంచి జవాబు వస్తే దొంగ దొరికినట్టే. వైఫై రౌటర్ డీహెచ్‌సీపీ పూల్‌ని కుదించి, క్లౌడ్ రేంజిని పూర్తిగా విడిచిపెట్టండి. కాగితం మీద రాసి డీవీఆర్ పెట్టే మనిషికి కూడా చూపించండి.

ఇలా ల్యాన్‌నే పబ్లిక్‌గా ఇచ్చినచోట ఇంటర్నెట్ నుంచి నేరుగా వీఎంకి చేరలేరు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా, పైనున్న ఫైబర్ మోడెంలో కూడా పెట్టాలి. ఇది చెడిపోవడం కాదు, అమరికే అంత.

8. ఐపీ రాకపోతే, పేర్లు తెరుచుకోకపోతే

రౌటర్ గెస్ట్ కాలు మీద పోర్టు 67, 68 కి టీసీపీడంప్ పెట్టి వీఎంని రీబూట్ చెయ్యండి. వీఎం అడగడమే కనిపించకపోతే 6 కి వెళ్లండి. అడుగుతోంది, రౌటర్ జవాబివ్వట్లేదంటే డీఎన్‌ఎస్‌మాస్క్ సర్వీసు నడుస్తోందా చూడండి. నడుస్తూ కూడా ఇవ్వకపోతే, ఈటీసీ కింద డీహెచ్‌సీపీహోస్ట్స్ ఫైల్లో ఆ వీఎం మ్యాక్ ఉందా చూడండి. క్లౌడ్‌స్టాక్ రౌటర్ తనకి తెలిసిన మ్యాక్‌లకే ఐపీ ఇస్తుంది. విర్ష్‌తో చేత్తో లేపిన వీఎంకి, మ్యాక్ మార్చిన వీఎంకి అది ఐపీ ఇవ్వదు. అది తప్పు కాదు.

రౌటర్ జవాబిస్తోంది, వీఎం తీసుకోవట్లేదంటే టెంప్లేట్ చూడండి. పాత స్టాటిక్ ఐపీ అందులోనే మిగిలిపోయి ఉంటుంది.

పేర్ల సంగతి: వీఎం నుంచి ఎన్‌ఎస్‌లుకప్‌లో గేట్‌వే ఐపీనే సర్వర్‌గా ఇచ్చి అడగండి, తర్వాత 8.8.8.8 ఇచ్చి అడగండి. రెండోది పనిచేసి మొదటిది చెయ్యకపోతే జోన్ సెట్టింగ్స్‌లో రాసిన డీఎన్‌ఎస్ ఐపీ చచ్చిపోయి ఉంటుంది.

9. చిన్నవి వెళ్తున్నాయి, పెద్దవి నిలిచిపోతున్నాయి

పింగ్ వెళ్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ కనెక్ట్ అవుతుంది, ప్యాకేజీ అప్‌డేట్ మాత్రం మధ్యలో కదలదు. ఇది ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, ఇబ్బంది. లినక్స్ పింగ్‌లో ముక్కలు చెయ్యొద్దు అన్న ఆప్షన్‌తో సైజు 1472 ఇవ్వండి. 28 బైట్ల హెడర్లు కలిపితే 1500. అది పోకపోతే 1464 ప్రయత్నించండి. 1464 పోయి 1472 పోకపోతే పైన ఫైబర్ లింకు పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లింకు కలిసే పద్ధతి) మీద నడుస్తోందని, ఎంటీయూ 1492 అని అర్థం. 1422 కి తగ్గిస్తే గానీ వెళ్లకపోతే వీఎక్స్‌ల్యాన్ (ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే పద్ధతి) వాడుతున్నారు, అది 50 బైట్లు తినేస్తోంది. అప్పుడు ఫిజికల్ కార్డులు, స్విచ్ పోర్టులు అన్నిటి మీదా ఎంటీయూ కనీసం 1550 కి పెంచండి, కుదరకపోతే వీఎంలలో 1450 పెట్టండి. క్లౌడ్‌స్టాక్ 4.18 నుంచి రౌటర్ ఎంటీయూని నెట్‌వర్క్ చేసేటప్పుడే ఇవ్వొచ్చు.

10. అన్నీ అయ్యాకే రీస్టార్ట్

కాళ్లు మూడూ కింద నుంచి బాగున్నాయి, రౌటర్ లోపలే ఐపీ లేదు, రూలు లేదు అంటే ఇప్పుడు నెట్‌వర్క్ రీస్టార్ట్. ముందు క్లీనప్ (పాత రౌటర్‌ని చెరిపి కొత్తది చేసే) టిక్ లేకుండా చెయ్యండి, ఉన్న రౌటర్‌కే రూల్స్ మళ్లీ ఎక్కుతాయి. కుదరకపోతే క్లౌడ్ డాట్ లాగ్‌ని బయటికి కాపీ చేసుకుని, వాడేవాళ్లకి చెప్పి, అప్పుడు క్లీనప్‌తో. ఆ నెట్‌వర్క్ వీఎంలన్నిటికీ కాసేపు నెట్ ఉండదు. పరీక్షలు జరిగే పూట ల్యాబులో ఈ బటన్ నొక్కకండి. తరచూ ఇబ్బంది పడే నెట్‌వర్క్ అయితే రెండు రౌటర్లు ఉండే రిడండెంట్ ఆఫరింగ్‌కి మారండి, ఒకటి చేస్తుండగా రెండోది మోస్తుంది.

కరెంటు పోయి వచ్చిన రోజు అయితే రీస్టార్ట్‌కి ముందు లేపే వరస సరిచూడండి: స్విచ్, ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎస్ స్టోరేజ్, ఆ తర్వాత డేటాబేస్, మేనేజ్‌మెంట్ సర్వర్, చివరికి హోస్టులు. స్టోరేజ్ కంటే ముందు హోస్టులు లేస్తే రౌటర్లు సగం సగం లేచి నిలబడతాయి. హోస్టులన్నీ అప్ అయ్యి, సిస్టమ్ వీఎంలు (కన్సోల్, సెకండరీ స్టోరేజ్ పనులు చూసేవి) రెండూ లేచాకే రౌటర్ల జోలికి వెళ్లండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ముంచినట్టు మళ్లీ ఏదైనా వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. బ్యాటరీ ఉండగానే వీఎంలని, తర్వాత హోస్టులని చేత్తో ఆపెయ్యండి. యూపీఎస్ మీద స్విచ్‌కి కూడా చోటివ్వండి, అది తినే కరెంటు సర్వర్‌తో పోలిస్తే చాలా తక్కువ.

బాగైందని ఎలా తెలుసుకోవాలి

ఒక్క పింగ్ వెళ్లిందని లేవకండి. టెస్ట్ వీఎంని రీబూట్ చెయ్యండి, ఐపీ కొత్తగా రావాలి. గేట్‌వే, బయటి ఐపీ, పేరు, కర్ల్‌తో ఒక పేజీ, కొన్ని వందల ఎంబీల డౌన్‌లోడ్ ఒకటి, అన్నీ పూర్తవ్వాలి. అదే వీఎంని ఒక్కో హోస్టు మీదికి మార్చి మళ్లీ చూడండి, ఒక హోస్టు మీద బాగుండటం సరిపోదు. పోర్ట్ ఫార్వర్డింగ్ ఉంటే బయటి నుంచి, మొబైల్ డేటా మీద, పరీక్షించండి. అదే నెట్‌వర్క్ లోపల నుంచి చేస్తే వచ్చే ఫలితాన్ని నమ్మలేం. హెల్త్ చెక్స్ మళ్లీ నడిపించి చూడండి. స్విచ్ కాన్ఫిగరేషన్ సేవ్ అయిందా, నడుస్తున్నదీ సేవ్ అయినదీ ఒకటేనా అని పోల్చండి.

ఓపెన్‌స్టాక్ (ఇంకో క్లౌడ్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు కూడా అడుగుతుంటారు. అక్కడ ఈ రౌటర్ వేరే వీఎం కాదు. పాత పద్ధతిలో నెట్‌వర్క్ నోడ్ మీద క్యూరౌటర్ అన్న పేరుతో మొదలయ్యే నేమ్‌స్పేస్ (ఒకే లినక్స్ లోపల విడిగా ఉండే నెట్‌వర్క్ గది), దాంట్లోకి ఐపీ నెట్‌ఎన్‌ఎస్ కమాండ్‌తో వెళ్లాలి. ఓవీఎన్ (కొత్త నెట్‌వర్క్ పద్ధతి) మీద నడిచేవాటిలో అదీ ఉండదు. కానీ 1, 6, 7, 9 అంకెల్లోని పరీక్షలు అక్కడా అలాగే పనికొస్తాయి.

ఇంతా చేసి తేలకపోతే నాకైనా మరొకరికైనా ఇవి పంపండి: క్లౌడ్‌స్టాక్ వెర్షన్, నెట్‌వర్క్ రకం, 1 లోని నాలుగు జవాబులు, రౌటర్‌కీ టెస్ట్ వీఎంకీ డొమ్‌ఐఎఫ్‌లిస్ట్ ఇచ్చినది, రౌటర్‌లో ఐపీ అడ్రస్, ఐపీ రూట్, ఐపీ నెయిబర్ ఇచ్చినవి, క్లౌడ్ డాట్ లాగ్ చివరి వంద లైన్లు, స్విచ్ ట్రంక్ పోర్టు సెట్టింగ్. ఫొటో తీసి కాదు, టెక్స్ట్‌గా కాపీ చేసి. పబ్లిక్ ఐపీలు, పాస్‌వర్డులు తీసేసి పంపండి.